చదివే అలవాటు – నిలిపిన ఏర్పాట్లు: తెలుగునాట గ్రంథాలయోద్యమంలో పాఠకుడి స్థానం (1901–1961)

వ్యాస సంగ్రహం

చదివే అలవాటును సాధారణంగా వ్యక్తిగత అభిరుచిగా పరిగణిస్తాం. అది సన్నగిల్లినప్పుడు లోపాన్ని పాఠకుడిలోనే వెతుకుతాం. 20వ శతాబ్ది పూర్వార్ధంలో తెలుగునాట సాగిన గ్రంథాలయోద్యమాన్ని పరిశీలిస్తే ఈ అవగాహనను సవరించుకోవలసి వస్తుంది. అక్షరం నేర్చినవారిని జీవితాంతం చదువరులుగా నిలపడానికి ఆ ఉద్యమం మూడు ఏర్పాట్లు చేసింది. ఎప్పటికప్పుడు కొత్త పుస్తకం అందించడం మొదటిది. పుస్తకాన్ని పాఠకుడున్న చోటికి చేర్చడం రెండవది. చదువుకు తోడు కల్పించడం మూడవది. తరువాత వచ్చిన గ్రంథాలయ చట్టాలు మొదటి రెండింటిని కొంతవరకు స్వీకరించాయి. మూడవది చట్టానికి వెలుపలే ఉండిపోయింది. ఈ పరిణామాన్ని వివరించడం వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: గ్రంథాలయోద్యమం, పఠనాభ్యాసం, విజ్ఞానచంద్రికా మండలి, పడవ గ్రంథాలయం, వట్టికోట ఆళ్వారుస్వామి, గ్రంథాలయ పన్ను.

1. ఉపోద్ఘాతం

తెలుగునాట గ్రంథాలయోద్యమ చరిత్ర ఎక్కువగా సంస్థల చరిత్రగానే నమోదైంది. ఏ ఊరిలో ఏ సంవత్సరంలో ఎవరు గ్రంథాలయం స్థాపించారు, ఏ మహాసభకు ఎవరు అధ్యక్షత వహించారు, ఏ చట్టం ఎప్పుడు వచ్చింది అన్న వివరాలు అందులో ప్రధానం. ఇవి అవసరమే. అయితే ఆ భవనాల్లో కూర్చుని చదివిన మనిషి వీటిలో అంతగా కనిపించడు. అతడు మరుసటి వారం మళ్లీ ఎందుకు వచ్చాడు, పదేళ్ల తరువాత కూడా ఎందుకు చదువుతూ ఉన్నాడు అన్న ప్రశ్నలను సంస్థల చరిత్ర అడగదు.

1911 జనగణన ప్రకారం భారతదేశంలో చదవడం, రాయడం వచ్చినవారు నూటికి ఆరుగురైనా లేరు. ఆ కొద్దిమందిలోనూ బడి మానిన తరువాత పుస్తకం ముట్టే అవకాశం లేనివారు ఎందరో ఉండేవారు. నేర్చిన అక్షరం వాడుక లేక మరుగున పడుతుంది. అందువల్ల ఆనాటి గ్రంథాలయ కార్యకర్తల ముందు రెండు పనులు ఉన్నాయి: చదవనివారిని చదువులోకి తేవడం, చదివేవారిని చదువులో నిలపడం. మొదటి పని గురించి చాలా చర్చ జరిగింది. ఈ వ్యాసం రెండవ పనికి పరిమితమవుతుంది.

2. పూర్వరంగం: వినికిడి సంప్రదాయం, ఇంటి చదువు

గ్రంథాలయాలు రాకముందు తెలుగు పల్లెల్లో గ్రంథంతో సంబంధం లేదనుకోవడం సరికాదు. గుడి మండపంలోనో, పెద్దల అరుగు మీదనో భారత భాగవతాలను ఒకరు చదవగా మరొకరు అర్థం చెప్పేవారు. ఊరివారు వినేవారు. ఈ పురాణ కాలక్షేపంలో గ్రంథం ఒకటే, శ్రోతలు అనేకులు. అక్షరజ్ఞానం లేనివారికి కూడా పద్యం నోటికి వచ్చేది. కథ తెలిసినా రేపటి ఘట్టం వినడానికి మళ్లీ వచ్చేవారు. క్రమం, సమయం, తోడు అనే మూడు లక్షణాలు ఈ సంప్రదాయంలో ముందే ఉన్నాయి. ఆధునిక పఠన మందిరం వీటిని కొత్తగా కనిపెట్టలేదు. వాటిలోకి వార్తాపత్రికను, శాస్త్ర గ్రంథాన్ని, నవలను తీసుకువచ్చింది.

మరొక మూలం ఇంటిలో ఉంది. భండారు అచ్చమాంబ (1874–1905) బడికి వెళ్లి చదువుకున్నవారు కారు. బాల్యంలోనే వివాహమై మధ్య పరగణాలకు వెళ్లిన ఆమె, తమ ఇంట ఉండి చదువుకుంటున్న తమ్ముడు కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు సాహచర్యంలో చదువు నేర్చారు. ఆ చదువు అక్షరాలతో ఆగలేదు. స్త్రీల జీవిత చరిత్రలను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించేంత దూరం సాగింది. 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాశారు. అదే సంవత్సరం మచిలీపట్నంలో స్త్రీ సమాజ స్థాపనలో పాలుపంచుకున్నారు. పాఠశాల, పట్టా లేని చోట ఒక చదువరిని నిలిపింది ఏమిటన్న ప్రశ్నకు ఆమె జీవితం స్పష్టమైన సమాధానం ఇస్తుంది. పక్కన కూర్చుని చదివే మరొక మనిషి ఉండటమే ఆ సమాధానం. అక్కకు తోడు చదివిన ఆ తమ్ముడే తరువాతి కాలంలో తెలుగు గ్రంథాలయ, ప్రచురణ రంగాలకు మార్గదర్శి కావడం గమనార్హం.

3. మొదటి ఏర్పాటు: ఎప్పటికప్పుడు కొత్త పుస్తకం

1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల సంస్థానాధిపతి నాయని వేంకట రంగారావు తదితరులు దీని స్థాపనకు కారకులు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వెలిశాయి. రాజభాష ఉర్దూ అయిన రాజ్యంలో తెలుగు పుస్తకానికి ఒక చోటు కల్పించడం వీటి తక్షణ లక్ష్యం.

స్థలం దొరికిన వెంటనే మరొక సమస్య ఎదురైంది. ఆనాడు అచ్చులో ఉన్న తెలుగు గ్రంథాల్లో అధిక భాగం కావ్యాలు, పురాణాలు, శతకాలు. చరిత్ర, విజ్ఞాన శాస్త్రం, జీవిత చరిత్ర వంటి విషయాలపై సామాన్య పాఠకుడు చదవదగినవి చాలా తక్కువ. ఉన్న నాలుగు బీరువాలూ చదివిన తరువాత పాఠకుడికి గ్రంథాలయంతో పని ఉండదు. 1906లో ఏర్పడిన విజ్ఞానచంద్రికా మండలిని ఈ కోణంలో చూడాలి. గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాం లింకన్ జీవితచరిత్రతో ఆ గ్రంథమాల ఆరంభమైంది. తరువాత చరిత్ర, రసాయన శాస్త్రం, జీవశాస్త్రం, నవల మొదలైన విభాగాల్లో పుస్తకాలు వెలువడ్డాయి. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ తొలి భాగం 1910లో వచ్చింది.

మండలి సాధించిన మార్పు విషయ వైవిధ్యం ఒక్కటే కాదు. అది అనుసరించిన చందా పద్ధతికీ అంతే ప్రాముఖ్యం ఉంది. ఒక పుస్తకాన్ని కొన్నవాడు కొనుగోలుదారు మాత్రమే. గ్రంథమాలకు చందాదారుగా చేరినవాడు ఇంకా రాయని పుస్తకానికి కూడా పాఠకుడిగా ముందే మాట ఇస్తున్నాడు. రచయితకు అది భరోసా. పాఠకుడికి అది క్రమం. తనంతట తాను ఎన్నడూ ఎంచుకోని రసాయన శాస్త్రం కూడా గ్రంథమాలలో భాగంగా అతడి ఇంటికి వచ్చేది. అభిరుచి ముందుండి పుస్తకాన్ని వెతుక్కోవడం కాకుండా, పుస్తకం ముందు వచ్చి అభిరుచిని పెంచే పరిస్థితి ఇక్కడ ఏర్పడింది.

4. రెండవ ఏర్పాటు: పాఠకుడున్న చోటికి పుస్తకం

కోస్తా జిల్లాల్లో ఉద్యమానికి కేంద్రం విజయవాడ. అక్కడ 1911లో రామమోహన గ్రంథాలయం ఏర్పడింది. 1914 ఏప్రిల్ 10న అదే నగరంలో జరిగిన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘానికి జన్మనిచ్చింది. దాని నిర్వాహకుల్లో ప్రముఖుడైన అయ్యంకి వెంకట రమణయ్యకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆయన నడిపిన ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రిక, చెదురుమదురుగా ఉన్న గ్రంథాలయాలను ఒకదానితో ఒకటి పరిచయం చేసింది.

ఈ ప్రయత్నాన్ని సమకాలీనమైన బరోడా సంస్థాన గ్రంథాలయ వ్యవస్థతో పోల్చి చూడటం ఉపయోగకరం. బరోడాలో సయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుంచి బోర్డెన్ అనే నిపుణుణ్ణి రప్పించి ప్రభుత్వ పక్షాన గ్రంథాలయాల వ్యవస్థను నిర్మింపజేశారు. అక్కడ ధనం, ప్రణాళిక ఖజానా నుంచి వచ్చాయి. ఆంధ్రదేశంలో చందాలు, విరాళాలు, స్వచ్ఛంద శ్రమ తప్ప మరొక ఆధారం లేదు. 1919 నవంబరు 14న మద్రాసులో జరిగిన తొలి అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభకు బరోడాకు చెందిన కుడాల్కర్ అధ్యక్షత వహించగా, దాని నిర్వహణలో ఆంధ్ర కార్యకర్తలు ముందున్నారు. రెండు భిన్న మార్గాలు ఒక వేదిక మీద కలిసిన సందర్భమది. నేటికీ గ్రంథాలయ వారోత్సవాలు ఆ తేదీనే మొదలవుతాయి.

ప్రభుత్వ ధనం లేనందువల్ల ఆంధ్ర ఉద్యమం జనం నడిచే దారులను ఆశ్రయించింది. కార్యకర్తలు గ్రంథాలయ యాత్రల పేరుతో ఊరూరా తిరిగారు. భజన, హరికథ వంటి పరిచిత రూపాలతో సభలకు జనాన్ని రప్పించారు. తీర్థయాత్రకు ఉన్న గౌరవం ఆ పేరులోనే పుస్తకానికి సంక్రమించింది. ఈ ధోరణికి విశిష్టమైన ఉదాహరణ 1935లో ఆరంభమైన పడవ గ్రంథాలయం. పాతూరి నాగభూషణం కృషితో కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య ప్రయాణించే వారికి పుస్తకాలు అందించారు. డెల్టా ప్రాంతంలో కాలువలు అప్పటికి సాగునీటి మార్గాలే కాక ప్రయాణ మార్గాలు కూడా. పడవ ప్రయాణం నెమ్మదిగా సాగుతుంది. ఎక్కినవాడికి చేయడానికి పనేమీ ఉండదు. పనిరోజుల్లో పుస్తకం పట్టడానికి తీరిక లేని రైతుకు, వర్తకుడికి అక్కడ తప్పనిసరి తీరిక దొరుకుతుంది. చదివించడానికి సమయాన్ని సృష్టించనక్కరలేదని, ఉన్న సమయాన్ని గుర్తిస్తే చాలునని ఈ ప్రయోగం నిరూపించింది.

5. మూడవ ఏర్పాటు: చదువుకు తోడు

1914 మహాసభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఉద్యమ చరిత్రల్లో ఇది ఒక పేరుగా మాత్రమే కనిపిస్తుంది. అయితే పఠన చరిత్ర దృష్ట్యా దీనికి లోతైన అర్థం ఉంది. చిలకమర్తికి చిన్ననాటి నుంచి చూపు మందం. విద్యార్థి దశలో తోటివారు చదువుతుండగా విని పాఠాలు గ్రహించారు. రచనా జీవితంలోనూ ఇతరుల చేత చదివించుకుని, చెప్పి రాయించారు. చివరికి పూర్తిగా చూపు కోల్పోయినా సాహిత్య వ్యాసంగం విడువలేదు. తెలుగునాట పుస్తకాలయాల తొలి మహాసభకు ఇతరుల కంఠంతో చదివిన ఒక మనిషి అధ్యక్షుడయ్యారన్నమాట. చదువు అంటే ఒంటరి కన్ను, ఒంటరి పుట మధ్య వ్యవహారమన్న నిర్వచనం ఆయన విషయంలో చెల్లదు.

గ్రామ పఠన మందిరాల ఆచరణ కూడా ఇదే దిశలో సాగింది. సాయంత్రం ఒకరు పత్రిక బిగ్గరగా చదివేవారు. మిగిలినవారు విని చర్చించేవారు. వినేవారికి వార్త అందేది. చదివేవారికి అంతకంటే ముఖ్యమైనది ఒకటి దక్కేది. రేపు సాయంత్రం తన కోసం నలుగురు ఎదురుచూస్తారన్న బాధ్యత అది. అలవాటు తెగకుండా కాపాడింది చాలా సందర్భాల్లో ఈ బాధ్యతే అనుకోవడం అసమంజసం కాదు. వాడుకభాష వివాదం సాగుతున్న కాలంలో ఈ బిగ్గర పఠనానికి మరొక ప్రాముఖ్యం కూడా ఉంది. విన్న వెంటనే బోధపడని వాక్యం అక్కడ నిలవదు. గిడుగు వెంకట రామమూర్తి వ్యవహారభాషా వాదానికి బలాన్నిచ్చిన సామాజిక అవసరాల్లో పఠన మందిరపు శ్రోత అవసరాన్ని కూడా చేర్చి ఆలోచించవలసి ఉంది.

తోడు అనేది తరాల మధ్య కూడా పనిచేసింది. చీరాల సమీపంలోని వేటపాలెంలో 1918లో యువకులు ఆరంభించిన సారస్వత నికేతనం ఇందుకు నిదర్శనం. దాని భవనానికి 1929లో గాంధీ శంకుస్థాపన చేశారు. ఆనాటి పత్రికల సంపుటాలను భద్రపరచినందువల్ల అది నేటికీ పరిశోధకులకు ఆధారంగా ఉంది. చదివి పారేయవలసిన దినపత్రికను కూడా రాబోయే పాఠకుడి కోసం దాచిపెట్టడం, కనిపించని తోడును ఊహించగలిగిన మనసుకే సాధ్యం.

6. హైదరాబాదు రాజ్యంలో ఒక చదువరి: వట్టికోట ఆళ్వారుస్వామి

పై మూడు ఏర్పాట్లూ ఒకే జీవితంలో కలిసిన ఉదాహరణ కోసం తిరిగి హైదరాబాదు రాజ్యానికి రావాలి. 1921లో ఒక సభలో తెలుగులో ప్రసంగించిన వక్తకు ఎదురైన అవమానం ఆంధ్ర జనసంఘ స్థాపనకు దారితీసింది. గ్రంథాలయాల స్థాపన ఆ సంఘం కార్యక్రమంలో ముఖ్యాంశమైంది. బహిరంగ సభలపై ఆంక్షలున్న రాజ్యంలో గ్రంథాలయం జనం కలుసుకునే చోటు కూడా అయింది.

నల్లగొండ ప్రాంతంలో 1915లో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి చిన్ననాడే తండ్రిని కోల్పోయారు. ఉపాధ్యాయుల ఇంట వంటపని చేస్తూ చదువు నేర్చారు. హోటల్లో పనిచేశారు. క్రమబద్ధమైన విద్య ఆయనకు దక్కలేదు. తనకు దక్కిన చదువును ఆయన సొంత ఎదుగుదలకే పరిమితం చేసుకోలేదు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి పుస్తకాలు ప్రచురించారు. వాటిని స్వయంగా మోసుకుని ఊళ్లు తిరిగి అమ్మారు. అదే సంవత్సరం కె.సి. గుప్త అణా గ్రంథమాలను ఆరంభించారు. పదహారు అణాల రూపాయి చెల్లిన కాలంలో ఒక అణాకు పుస్తకం అందించడమంటే, కొనలేనివాడిని కూడా పాఠకుడిగా లెక్కించడమే.

ఆళ్వారుస్వామి జైలు జీవితం ఈ చర్చకు మరింత సన్నిహితం. నిజామాబాదు జైలులో దాశరథి కృష్ణమాచార్య ఆయనకు సహఖైదీ. ఒకరి కవిత్వానికి మరొకరు మొదటి శ్రోత. దాశరథి తన ‘అగ్నిధార’ను ఆయనకే అంకితమిచ్చారు. గ్రంథాలయం, బీరువా, దీపం ఏవీ లేని చోట కూడా సాహిత్యం బతికింది. వినే తోడు ఉండటమే అందుకు కారణం. తరువాత ‘ప్రజల మనిషి’ (1955) నవలను రచించిన ఆళ్వారుస్వామి 1961లో మరణించారు. వంటింటి నుంచి మొదలైన చదువు చివరి వరకు సాగిందంటే, దానికి ఆయన పట్టుదల ఎంత కారణమో, చదువు చెప్పిన ఇల్లు, పుస్తకం కొన్న ఊళ్లు, తోటి ఖైదీలు కూడా అంతే కారణం.

7. చట్టం ఇచ్చినది, ఇవ్వలేనిది

స్వాతంత్ర్యానంతరం గ్రంథాలయాల బాధ్యత ప్రభుత్వం స్వీకరించాలన్న కోరిక నెరవేరింది. 1948లో మద్రాసు రాష్ట్రం, 1955లో హైదరాబాదు రాష్ట్రం పౌర గ్రంథాలయ చట్టాలు చేశాయి. 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం రెండు ప్రాంతాలకూ వర్తించింది. స్థానిక సంస్థలు ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమచేసే పద్ధతి ఏర్పడింది. విరాళం అడిగే దశ దాటి, ఇంటిపన్ను కట్టే ప్రతి గృహస్థు పుస్తకానికి తన వంతు చెల్లించే దశ రావడం సామాన్య విజయం కాదు.

అయితే ఈ మార్పులో ఒకటి జారిపోయింది. పుస్తకాల కొనుగోలుకు నిధిని చట్టం ఏర్పరచగలిగింది. శాఖా గ్రంథాలయాలను, వేళలను, సిబ్బందిని ఏర్పరచగలిగింది. సాయంత్రం బిగ్గరగా చదివే కార్యకర్తను మాత్రం ఏర్పరచలేదు. అతడిది ఉద్యోగం కాదు గనుక పదవుల జాబితాలో చోటు లేదు. అతడి పని పద్దులో ఎక్కే ఖర్చు కాదు గనుక నిధి లేదు. ఉద్యమం నుంచి శాఖగా మారినప్పుడు గ్రంథాలయం పుస్తకాల లెక్కను నిలుపుకుంది, పాఠకుల సాంగత్యాన్ని నిలుపుకోలేకపోయింది. ఇది సిబ్బంది లోపం కాదు. చట్టం కొలవగలిగినవాటికీ, అలవాటుకు కావలసినవాటికీ మధ్య ఉన్న అంతరం.

ఈ వాదాన్ని అతిగా సాగదీయకూడదు. ఉద్యమ కాలపు సాంగత్యం అందరికీ సమానంగా అందలేదు. తొలి గ్రంథాలయాల స్థాపకులు అధికంగా జమీందారులు, న్యాయవాదులు, వర్తకులు, అగ్రవర్ణ విద్యావంతులు. అరుగు మీద చదివేటప్పుడు ఆ అరుగు ఎక్కగలిగినవారెవరు అన్న ప్రశ్న తప్పదు. చిలకమర్తి 1909లో రాజమండ్రిలో దళితుల కోసం ప్రత్యేకంగా పాఠశాల పెట్టవలసి రావడం, హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ ఆది హిందువులకు వేరుగా బడులు నడపవలసి రావడం ఆ ప్రశ్నకు పరోక్ష సమాధానాలు. ప్రభుత్వ గ్రంథాలయం తలుపు చట్టరీత్యా అందరికీ తెరిచింది. కనుక పాత సాంగత్యాన్ని ఉన్నదున్నట్లుగా తిరిగి కోరుకోలేం. తెరిచిన తలుపు లోపల కొత్త సాంగత్యం ఎలా ఏర్పడుతుందన్నదే అసలు సమస్య.

8. ముగింపు

1961 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యులు నూటికి 21 మంది. అక్షరాస్యత నేడు అనేక రెట్లు పెరిగింది. పుస్తకం ధరించే రూపాలు పెరిగాయి, చేరువ కూడా పెరిగింది. అయినా చదివేవారు తగ్గుతున్నారన్న ఆవేదన తరచుగా వినిపిస్తుంది. పై పరిశీలన వెలుగులో ఆ ఆవేదనను మరొక విధంగా అర్థం చేసుకోవచ్చు. మొదటి రెండు ఏర్పాట్లు నేడు ఉద్యమ కాలం కంటే సమృద్ధిగా ఉన్నాయి. లోపించింది మూడవది.

గ్రంథాలయోద్యమ చరిత్ర రచనలో ఇకపై భవనాలు, మహాసభలతో పాటు చదివి వినిపించినవారిని, విన్నవారిని, చందాదారులను, పడవ ప్రయాణికులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. పాత గ్రంథాలయాల సభ్యత్వ పట్టికలు, పుస్తకాల జారీ పుస్తకాలు, సందర్శకుల అభిప్రాయ పుస్తకాలు ఇందుకు ఆధారాలు. వాటిని చెదలు తినకముందే పరిశోధకులు పరిశీలించవలసి ఉంది.

అధ్యాపకులకు ఈ చరిత్ర చెప్పేది మరొకటి కూడా ఉంది. విద్యార్థికి పుస్తకం పేరు చెప్పడం సూచన మాత్రమే. వారంలో ఒక గంట అతడితో కలిసి ఆ పుస్తకాన్ని చదవడం ఏర్పాటు. అచ్చమాంబకు తమ్ముడు, చిలకమర్తికి సహాధ్యాయులు, ఆళ్వారుస్వామికి గురువు ఇల్లు, సహఖైదీలు చేసినది అదే. జీవితాంతం నిలిచిన చదువుల వెనుక ఏదో ఒక దశలో అటువంటి గంటలు ఉన్నాయి.